పదిహేను వందల రూపాయల లోపు ఊదా రంగు ఫౌంటెన్ పెన్ను: ఏది ఎంచుకోవాలి?

ప్రశ్న
తెల్లకాగితం (భీమవరం)

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తాను. పాఠ్య ప్రణాళికలు, చదివిన పుస్తకాల్లోంచి ఎత్తి రాసుకునే పద్యాలు, అప్పుడప్పుడు దగ్గరివాళ్లకు ఉత్తరాలు ఇప్పటికీ చేత్తోనే రాస్తాను. బాల్ పెన్నుతో ఎక్కువసేపు రాస్తే బొటనవేలి మొదట్లో నొప్పి పుడుతోంది. ఫౌంటెన్ పెన్నును కాగితం మీద నొక్కనవసరం లేదని మా బడిలో తోటి ఉపాధ్యాయురాలు చెప్పి, తన పెన్ను చేతికిచ్చి ఒక పేజీ రాయించారు. ఆవిడ చెప్పింది నిజమేనని ఆ ఒక్క పేజీతోనే తెలిసింది.

కొనడమంటూ కొంటే ఊదా రంగు పెన్నే కొనాలని ఉంది. మూత నుంచి గొట్టం చివరి దాకా నిండుగా ఆ రంగే ఉండాలి, అందులో పోసే ఇంకు కూడా ఊదాయే కావాలి. గులాబీ వైపు పోయే లేత ఛాయ నాకు నచ్చదు, పండిన నేరేడు పండు తొక్కలో కనిపించే రంగు కావాలి. పెన్నూ ఇంకూ కలిపి పదిహేను వందల రూపాయలు దాటకూడదు. హాజరు పట్టీలు, ప్రగతి పత్రాలు ఎలాగూ నీలం, నలుపు ఇంకులతోనే నింపుతాను కాబట్టి ఈ పెన్ను పూర్తిగా నా సొంత రాతకే.

ఆన్‌లైన్ దుకాణాల్లో రెండు వందల రూపాయలకే మెరిసిపోయే ఊదా పెన్నులు కనిపిస్తున్నాయి. అలాంటిదే ఒకటి కొన్న మా సహోద్యోగి పెన్నుకు మూత తగిలే చోట రంగు పెచ్చులుగా లేచి, కింద ఇత్తడి బయటపడింది. అందుకే తొందరపడకుండా ముందు మిమ్మల్ని అడుగుతున్నాను. ఈ ధరలో నిలిచే రంగు దొరుకుతుందా? తెలుగు రాయడానికి ఏ పాళీ సరిపోతుంది? మాకు రాజమహేంద్రవరం దగ్గరే కనుక అక్కడ చేత్తో తయారుచేసే పెన్నుల్లో ఊదా రంగు ఉంటుందా?


జవాబు
సన్నగీత (హైదరాబాద్)

తెల్లకాగితం గారూ, మీ మూడు ప్రశ్నల్లో నేను ముందు పాళీ గురించి చెబుతాను. ఎందుకంటే పెన్ను రంగు ఎంత నచ్చినా, రాసిన అక్షరం పూడుకుపోతే ఆ పెన్ను నెల తిరగకుండానే సొరుగులోకి చేరుతుంది.

తెలుగు గీతలో గుండ్రదనం ఎక్కువ కాబట్టి నునుపుగా జారే పాళీ మనకు హాయినిస్తుంది. అయితే మన అక్షరం ఒక్క వరుసలో ఇమడదు, పైన తలకట్టో గుడో, కింద ఒత్తో, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తో వస్తాయి. మామూలు రూళ్ల పుస్తకంలో రెండు గీతల మధ్య ఏడెనిమిది మిల్లీమీటర్ల చోటు మాత్రమే ఉంటుంది, ఆ చోటులోనే ‘జ్యోత్స్న’, ‘స్వాతంత్ర్యం’ వంటి మాటలు పట్టాలి. గీత లావైతే ‘ఘ’లోని మెలికలు కలిసిపోతాయి, ‘మ’కూ ‘య’కూ తేడా చెప్పే చిన్న సున్నాలు ఇంకుతో నిండిపోతాయి, త్ర ఒత్తు కింది గీతను తాకుతుంది. ఇంగ్లీషు మాత్రమే రాసేవారు మీడియం పాళీ బాగుందని సిఫార్సు చేస్తే అది మీకు అలాగే వర్తించకపోవచ్చు.

పాళీ మీద ఈఎఫ్ (అతి సన్నం), ఎఫ్ (సన్నం), ఎం (మీడియం) అని ఉండే గుర్తులు అన్ని దేశాల్లోనూ ఒకే కొలతను సూచించవు. జపాన్ కంపెనీల ఎఫ్ పాళీ సుమారు 0.3 మిల్లీమీటర్ల గీత గీస్తుంది. యూరప్ కంపెనీల ఎఫ్ అంతకంటే లావు, దాదాపు జపాన్ వారి ఎం పాళీతో సమానం. మీ అక్షరం చిన్నదైతే జపాన్ ఎఫ్ గానీ యూరప్ ఈఎఫ్ గానీ చూడండి. అక్షరం పెద్దదై, మంచి కాగితం వాడే అలవాటుంటే యూరప్ ఎఫ్ కూడా సరిపోతుంది. మన దేశంలో చేత్తో చేసే పెన్నుల విషయంలో ఎఫ్ అన్న గుర్తును మాత్రమే నమ్మకుండా, ఆ పాళీతో రాసిన నమూనా అడిగి చూడడం మంచిది.

ఈ లెక్క ప్రకారం నా సలహా ప్లాటినమ్ వారి ప్రెపీ. నాలుగైదు వందల లోపు దొరికే జపాన్ పెన్ను ఇది, దీనిలో ఊదా ఉంది, పాళీలు 0.2, 0.3, 0.5 కొలతల్లో వస్తాయి. మీకు 0.3 చక్కగా సరిపోతుంది. దీని మూత లోపల స్ప్రింగుతో నొక్కుకునే మరో చిన్న మూత ఉండడం వల్ల నెలల తరబడి రాయకుండా పక్కన పెట్టినా పాళీ మీద ఇంకు ఎండదు. ఊదా పెన్నును రోజూ కాక ఇష్టమైనప్పుడే తీసే మీవంటి వారికి ఆ సౌకర్యం చాలా పెద్దది. దీని లోపాలు కూడా చెప్పాలి. ఇది తేలికపాటి ప్లాస్టిక్కు, వాడగా వాడగా మూత అంచున పగులు రావడం ఈ పెన్నుకున్న తెలిసిన బలహీనత. గొట్టం పారదర్శకంగా ఉంటుంది కాబట్టి మీరు కోరిన నిండు ఊదా బయటి నుంచి కాకుండా లోపలి ఇంకు నుంచి కనిపిస్తుంది. దీనికి ప్లాటినమ్ వారి సొంత కార్ట్రిడ్జి (ఇంకు నింపి అమ్మే చిన్న గొట్టం) తప్ప వేరేది పట్టదు. సీసాలోని ఇంకు పీల్చుకునే కన్వర్టరు విడిగా కొనాలంటే అది పెన్ను కంటే ఎక్కువ ధర పలుకుతుంది. అయినా దారి ఉంది: ఖాళీ అయిన కార్ట్రిడ్జిని కడిగి, మందుల దుకాణంలో దొరికే సిరంజితో మళ్లీ నింపుకోవచ్చు.


జవాబు
గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

నమస్కారం మేడమ్. సన్నగీత గారు పాళీ గురించి చెప్పినదానిలో ప్రతి మాటా ఒప్పుకుంటాను. కానీ నిండుగా ఊదా రంగు కావాలన్న మీ మొదటి కోరికకు పారదర్శకమైన ప్లాస్టిక్కు పెన్ను జవాబు కాదు. మా ఊరి పెన్నుల సంగతి అడిగారు కనుక కాస్త వివరంగా రాస్తాను.

ఇక్కడి రత్నం పెన్నుల కథ మీకు తెలిసే ఉంటుంది. స్వదేశీ వస్తువు ఏదైనా తయారు చేయమన్న గాంధీజీ మాటతో కోసూరి వెంకటరత్నం గారు పెన్నుల తయారీకి పూనుకున్నారు, ఆ పెన్ను అందుకున్న గాంధీజీ 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. అదే ఊళ్లో గైడర్ పెన్నులు కూడా తయారవుతాయి. ఈ పెన్నులు ప్రధానంగా రెండు పదార్థాలతో చేస్తారు. ఒకటి ఎబొనైట్, రెండోది ఏక్రిలిక్. మీరు కోరిన రంగు దొరకడం, దొరకకపోవడం అంతా ఈ రెండింటిలో దేన్ని ఎంచుకుంటారన్న దానిమీదే ఉంది.

ఎబొనైట్ అంటే సహజ రబ్బరులో గంధకం చాలా ఎక్కువ పాళ్లలో కలిపి, వేడితో గట్టిపరచిన పదార్థం. చేతికి తగిలితే చల్లగా కాకుండా వెచ్చగా ఉంటుంది, చెమట పట్టిన వేళ్లలోంచి జారిపోదు. మీ వేలి నొప్పి దృష్ట్యా చూస్తే పట్టుకోవడానికి దానికి మించినది లేదు. కానీ గంధకం కలిసిన రబ్బరు స్వతహాగా ముదురు రంగులోకి తిరుగుతుంది కాబట్టి దాని మీద తేటైన రంగు నిలవదు. రంగు ఎబొనైట్ కడ్డీలు ఉన్నా అవి ఎక్కువగా నలుపుతోనో గోధుమతోనో కలిసిన చారలుగా వస్తాయి. ఊదా చార ఉన్న కడ్డీ దొరికినా అది అణిగిన రంగుగానే ఉంటుంది. పైగా ఎండ సోకే కిటికీ దగ్గర పెడితే ఎబొనైట్ పై మెరుపు పోయి వెలిసినట్లవుతుంది. మీ నేరేడు రంగు ఎబొనైట్‌లో వెతకవద్దని నా గట్టి సలహా.

ఏక్రిలిక్ కడ్డీ వేరు. రంగు దాని లోపల మొత్తం కలిసి ఉంటుంది, పైన పూసింది కాదు. లేత్ (కడ్డీని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద ఎంత లోతుకు చెక్కినా అదే రంగు బయటపడుతుంది కనుక మీ సహోద్యోగి పెన్నులా పెచ్చు లేచే ప్రశ్నే రాదు. గీత పడితే పాలిష్ చేసుకోవచ్చు. వెలుగును కొంత లోపలికి పోనిస్తుంది కాబట్టి ముదురు ఊదా ఏక్రిలిక్‌ను కిటికీ వైపు తిప్పి చూస్తే అంచుల్లో ఎర్రటి ఛాయ కనిపిస్తుంది, నీడలో పెడితే దాదాపు నల్లగా ఉంటుంది. మీరు చెప్పిన పండు తొక్క రంగుకు ఇంతకంటే దగ్గరగా వచ్చేది నాకు కనబడలేదు.

ఇక దూరం నుంచి తెప్పించుకునేవారంతా తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. ఫోను కెమెరాలు ఊదా రంగును సరిగా పట్టలేవు, చాలాసార్లు దాన్ని నీలంగా చూపిస్తాయి. ట్యూబులైటు కింద తీస్తే ఇంకా నీలంగా వస్తుంది. అందుచేత వెబ్‌సైటు బొమ్మ చూసి డబ్బు కట్టవద్దు. పెన్నును 2018 నుంచి చెలామణిలో ఉన్న కొత్త వంద రూపాయల నోటు మీద పెట్టి, పగటి వెలుతురులో ఫోటో తీసి పంపమని దుకాణదారుణ్ని అడగండి. ఆ నోటు లేత ఊదా, మీ దగ్గరా ఉంటుంది. ఫోటోలోని నోటు మీ చేతిలోని నోటులాగే కనిపిస్తే పెన్ను రంగూ నిజమే. నోటు నీలంగా కనిపిస్తే పెన్ను అసలు రంగు ఫోటోలో ఉన్నదానికంటే ఎర్రగా ఉంటుందని లెక్క వేసుకోవచ్చు.


జవాబు
మూడో బెంచీ (బెంగళూరు)

క్లుప్తంగా రెండు మాటలు. ఊదా పెన్ను అనగానే చాలామంది లామీ సఫారీ పేరు చెబుతారు. అది మంచి పెన్నే. 1980 నుంచి తయారవుతోంది, గట్టి ఏబీఎస్ ప్లాస్టిక్కులో రంగు లోపలి దాకా ఉంటుంది. కానీ దానిలో ఊదా ఛాయలు ఎక్కువగా ఆ ఏటికే పరిమితమైన ప్రత్యేక రంగులుగా వస్తాయి. 2016లో వచ్చిన డార్క్ లైలాక్, 2024లో వచ్చిన వయొలెట్ బ్లాక్‌బెర్రీ అలాంటివే. సంవత్సరం దాటాక మిగిలిన సరుకుకు ధర పెంచి అమ్ముతారు. పదిహేను వందల్లో ఇంకుతో సహా అది సాధ్యం కాదు, అంత తక్కువకు ఎవరైనా అమ్ముతుంటే అది నకలు అయ్యే అవకాశమే ఎక్కువ. దాని పట్టు మూడు పలకలుగా ఉండి వేళ్లను ఒకే చోట ఉంచుతుంది, మీ పట్టు అందుకు భిన్నమైతే నొప్పి తగ్గకపోగా పెరగవచ్చు. పైలట్ మెట్రోపాలిటన్‌లో కూడా రెట్రో పాప్ అనే వరుసలో ఊదా ఉంది, పాళీ చాలా నునుపు. అయితే గొట్టం ఇత్తడి కాబట్టి ప్లాస్టిక్కు పెన్నులతో పోలిస్తే బరువు. వేలి నొప్పి ఉన్నవారు చేతిలో పట్టుకుని చూడకుండా దాన్ని కొనకూడదు.


తెల్లకాగితం (భీమవరం)

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. వంద రూపాయల నోటు ఉపాయం వెంటనే మా ఇంట్లో ఉన్న ఊదా చీర మీద ప్రయత్నించాను. ట్యూబులైటు కింద చీరా నోటూ రెండూ నీలంగానే వచ్చాయి, వరండాలోకి తెచ్చి తీస్తే రెండూ తమ రంగులోకి వచ్చాయి.

ఇప్పుడు ఇంకు విషయం అడుగుతున్నాను. మా ఇంట్లో నీలం, ఎరుపు ఇంకు సీసాలు ఉన్నాయి, రెండూ కలిపితే సరిపోతుందని ఒకరు, రబ్బరు స్టాంపులకు వాడే ఊదా ఇంకు నీళ్లు కలిపి పోయవచ్చని మరొకరు అన్నారు. ఎత్తి రాసుకున్న పద్యాలు పదేళ్ల తర్వాత కూడా చదువుకునేలా ఉండాలన్నది నా కోరిక. ఊదా ఇంకు వెలిసిపోతుందని విన్నాను, అది ఎంతవరకు నిజం?


జవాబు
రంగులపొడి (విశాఖపట్నం)

అమ్మా, అద్దకపు రంగులతో పనిచేసే ఉద్యోగం నాది కాబట్టి ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పాలి. ముందుగా స్టాంపు ప్యాడు ఇంకును పెన్నులో పోయకండి, నీళ్లు కలిపినా సరే. ప్యాడు మీద త్వరగా ఎండిపోకుండా దానిలో గ్లిజరిన్ వంటి చిక్కటి ద్రవాలు కలుపుతారు. పాళీ కింద ఉండే ఫీడులో వెంట్రుకవాసి సన్నటి కాలువలుంటాయి. పలచటి ద్రవం వాటిలోకి దానంతట అదే పాకడం వల్లనే ఫౌంటెన్ పెన్ను రాస్తుంది, జిడ్డుగా ఉండే ఇంకు అక్కడే నిలిచిపోతుంది. బొమ్మలు గీసేవారు వాడే వాటర్‌ప్రూఫ్ ఇండియన్ ఇంకు అంతకంటే హానికరం, దానిలోని లక్క ఎండి గట్టిపడితే ఫీడు ఇక పనికిరాదు.

రసాయన పద్ధతిలో తయారైన మొట్టమొదటి అద్దకపు రంగులలో ప్రసిద్ధమైనది ఊదాయే. 1856లో లండన్‌లో విలియం హెన్రీ పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల విద్యార్థి మలేరియా మందైన క్వినైన్‌ను ప్రయోగశాలలో తయారు చేయబోతే అతనికి నల్లటి మడ్డి మిగిలింది, దానిలోంచి వచ్చిన ఊదా రంగే మావీన్. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే మిథైల్ వయొలెట్ వంటి మరింత చిక్కటి రంగులు వచ్చాయి. మనం పుండ్ల మీద పూసుకునే జెన్షియన్ వయొలెట్ కూడా ఆ కుటుంబానిదే. ఈ కుటుంబపు రంగులకు రెండు గుణాలున్నాయి. చిటికెడు పొడితోనే సీసా నిండుగా రంగు వస్తుంది కాబట్టి ఊదా ఇంకులు చవకగా తయారు చేయవచ్చు. కానీ ఎండ తగిలితే వీటి అణువులు విరిగిపోయి రంగు పోతుంది. కనుక మీరు విన్నది నిజమే, అయితే ఎండలో మాత్రమే నిజం. మూసి పెట్టిన నోటు పుస్తకంలో, బీరువాలో ఉన్న రాత ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉంటుంది. గోడకు తగిలించేది, కార్డు మీద రాసి కిటికీ దగ్గర పెట్టేది, బ్యాంకు చెక్కు మీద రాసేది మాత్రం ఈ ఇంకుతో రాయకండి.

పరీక్షించడం తేలిక. మీరు కొన్న ఇంకుతో ఒక పద్యపాదం రాసి, సగాన్ని నల్ల కాగితంతో కప్పి, రెండు మూడు వారాలు ఎండ పడే గూట్లో ఉంచి తీసి చూడండి. కప్పిన సగానికీ కప్పని సగానికీ ఉన్న తేడా మీ ఇంకు ఎంత గట్టిదో చెప్పేస్తుంది. ఇంకో పాదం మీద నీటి బొట్టు వేసి ఆరాక ఏం మిగిలిందో కూడా చూడండి. మామూలు ఊదా ఇంకు నీటికి పారిపోతుంది, అక్కడ లేత మరక మాత్రం మిగులుతుంది. నీటికీ కాలానికీ నిలిచే ఊదా కావాలంటే రోరర్ అండ్ క్లింగ్నర్ అనే జర్మన్ కంపెనీ వారి స్కేబియోసా ఉంది. అది ఇనుపలవణంతో చేసే పాతకాలపు పద్ధతి ఇంకు, కాగితంలోకి ఇంకి గట్టిగా పట్టుకుంటుంది. కానీ దాని ఛాయ బూడిద కలిసిన మందమైన ఊదా. ధర కూడా మీ బడ్జెట్‌లో పెద్ద భాగాన్నే మింగుతుంది కనుక ఇప్పుడే అక్కర్లేదనిపిస్తుంది.

నీలం, ఎరుపు కలపడం గురించి చెప్పాలంటే, రెండూ ఒకే కంపెనీవైతే ప్రయత్నించవచ్చు, వేర్వేరు కంపెనీలవి కలపకండి. ఒక ఇంకు ఆమ్ల గుణంతో, మరొకటి క్షార గుణంతో ఉంటే కలిసిన కొన్ని గంటల్లోనే రంగు విరిగి అడుగున మడ్డి చేరుతుంది. కలిపినదాన్ని చిన్న గాజు సీసాలో ఒక రోజంతా కదపకుండా ఉంచి, అడుగున ఏమీ పేరలేదని చూశాకే పెన్నులో పోయాలి. ఆ శ్రమంతా పడినా వచ్చేది మందమైన వంకాయ రంగే కానీ మీరు కోరిన తేజస్సు రాదు. బ్రిల్ వారి వయొలెట్ సీసా వంద రూపాయల లోపే దొరుకుతుంది, ఏడాదంతా రాసినా తరగదు. కేరళలో తయారయ్యే కృష్ణా ఇంకులలో కూడా ఊదా ఛాయలున్నాయి, కాస్త ధర ఎక్కువైనా రంగులో లోతు ఎక్కువ. మొదటి సీసాగా బ్రిల్ తీసుకోండి.

కాగితం విషయం మరిచిపోవద్దు. చాలా ఊదా ఇంకులు చవక నోటు పుస్తకాల మీద పాకుతాయి, అక్షరం అంచుల్లో సన్నటి కాళ్లు మొలుస్తాయి, రెండోవైపు మరక కనిపిస్తుంది. మీ పద్యాల పుస్తకానికి కాస్త మందపాటి, నునుపైన కాగితమున్నది ఎంచుకోండి. కొనే ముందు చివరి పేజీలో ఒక చుక్క పెట్టి చూడనిస్తే అదే ఉత్తమం.


జవాబు
గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

రంగులపొడి గారి వివరణ చదివాక ఇంకు నింపే పద్ధతి గురించి కూడా రాయాలనిపించింది, ఎందుకంటే మా ఊరి పెన్నుల్లో ఎక్కువ భాగం గొట్టంలోకి నేరుగా ఫిల్లర్‌తో ఇంకు పోసుకునేవే. కార్ట్రిడ్జిలో సుమారు ఒక మిల్లీలీటరు ఇంకు పడితే, ఈ గొట్టాల్లో రెండు మూడు మిల్లీలీటర్లు పడుతుంది. ఉత్తరాలు రాసేవారికి ఇది వరమే. కానీ గొట్టం మూడొంతులు ఖాళీ అయ్యాక చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి, ఇంకును ఫీడులోకి తోస్తుంది, పాళీ మొన నుంచి కాగితం మీద పెద్ద చుక్క పడుతుంది. మన కోస్తా వేసవిలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. గోడ మందంగా ఉన్న ఎబొనైట్ గొట్టం వేడిని నెమ్మదిగా లోపలికి పంపుతుంది కనుక దానిలో ఈ బాధ తక్కువ, ఏక్రిలిక్‌లో ఎక్కువ. కాబట్టి ఏక్రిలిక్ తీసుకుంటే కన్వర్టరు పట్టే రకమే అడగండి. ఇంకో లాభం కూడా ఉంది: ఊదా ఇంకు లేత రంగు ఏక్రిలిక్‌కు మరక పట్టిస్తుంది. కన్వర్టరులో ఉంటే గొట్టానికి తగలదు, మరక పడినా కన్వర్టరు మార్చుకుంటే సరిపోతుంది.


జవాబు
సన్నగీత (హైదరాబాద్)

గట్టు గారితో రంగు విషయంలో నాకు విభేదం లేదు. కానీ చేత్తో చేసిన ఏక్రిలిక్ పెన్ను, దానికి కన్వర్టరు, మంచి పాళీ, ఇంకు కలిపితే పదిహేను వందలు అంచు మీదికి వస్తుంది. పైగా మేడమ్ ఇప్పటిదాకా ఫౌంటెన్ పెన్నుతో రాసింది ఒక్క పేజీయే. తన చేతికి ఎంత లావు గొట్టం నప్పుతుందో, ఎంత సన్న గీత కావాలో తెలియకుండానే ఆ సొమ్మంతా ఒకేసారి పెట్టడం నాకు నచ్చడం లేదు. ప్రెపీ, బ్రిల్ వయొలెట్ కలిపి ఐదారు వందల్లో అయిపోతాయి. కొన్నాళ్లు రాశాక 0.3 గీత సరిపోయిందో, మరీ సన్నమైపోయిందో చేతికే తెలుస్తుంది. అప్పుడు మిగిలిన సొమ్ముతో ఏక్రిలిక్ పెన్ను చేయించుకునేటప్పుడు పాళీ విషయంలో నిశ్చయంగా మాట్లాడగలుగుతారు.

హైదరాబాదుకు వచ్చే పని ఉంటే ఆబిడ్స్‌లో 1928 నుంచి ఉన్న దక్కన్ పెన్ స్టోర్స్‌కు వెళ్లి చూడండి. పెన్ను చేతికిచ్చి, ఇంకులో ముంచి రాయనిచ్చే దుకాణం దొరికితే వంద సమీక్షలు చదవడం కంటే మేలు.


తెల్లకాగితం (భీమవరం)

అన్నీ చదివి, మా వారితో కూడా మాట్లాడి ఒక నిర్ణయానికి వచ్చాను. ప్రెపీ ఊదా 0.3, బ్రిల్ వయొలెట్ సీసా ఇప్పుడే తెప్పించుకుంటున్నాను. మిగిలిన తొమ్మిది వందల చిల్లరను పక్కన పెట్టి, దసరా సెలవుల్లో రాజమహేంద్రవరం వెళ్లి ముదురు ఊదా ఏక్రిలిక్‌లో కన్వర్టరు పట్టే పెన్ను స్వయంగా చూసి తీసుకుంటాను. కొంచెం ఎక్కువైతే ఆ తేడా మా వారు పెట్టుకుంటానన్నారు. అక్కడికి వెళ్లినప్పుడు కొనే ముందు ఏమేమి చూడాలో గట్టు గారు చెబితే రాసి పెట్టుకుంటాను.


జవాబు
గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

మంచి నిర్ణయం మేడమ్. మీరు రోజూ రాసే నోటు పుస్తకాన్నే వెంట తెచ్చుకోండి, దుకాణం వారిచ్చే నునుపు కాగితం మీద ప్రతి పాళీ బాగానే రాస్తుంది. ముందుగా పాళీని వెలుతురుకు ఎదురుగా పట్టి, భూతద్దంతో మొనను చూడండి. చీలికకు అటూ ఇటూ ఉన్న రెండు రెక్కలు ఒకే మట్టంలో ఉండాలి, ఒకటి పైకి లేచి ఉంటే ఒక దిశలో గీసినప్పుడు కాగితాన్ని గీరుతుంది. అది అక్కడికక్కడే సరిచేయించుకోగలిగిన లోపం. తర్వాత ఇంకులో ముంచి, నొక్కకుండా కేవలం పెన్ను బరువుతోనే ‘స్వాతంత్ర్యం’, ‘లక్ష్మీదేవి’, ‘ఘనుడు’ అని మీ మామూలు వేగంతో రాయండి. ‘ల’ మొదట్లో గీత పడకుండా మధ్యలో మొదలైతే ఆ పాళీ వద్దనండి. మూతను మర గాట్ల మీద నెమ్మదిగా తిప్పి చూడండి, అది ఒకటిన్నర రెండు చుట్లలో ఊగకుండా కూర్చోవాలి. వేళ్లు ఆనే చోట ఆ మర గాట్ల అంచు గుచ్చుకుంటుందేమో కూడా గమనించండి, మీ బొటనవేలికి అది ముఖ్యం. పాళీ ఏ నంబరు కొలతదో అడిగి రాసుకుంటే రేపు పాళీ వంగినా పెన్ను మార్చకుండా పాళీ ఒక్కటే మార్చుకోవచ్చు.

ప్రెపీ రాగానే మొదటిసారి ఇంకు పెట్టే ముందు మామూలు నీటితో ఫీడును కడిగి, మెత్తటి గుడ్డలో పాళీ కిందికి ఉండేలా నిలబెట్టి రాత్రంతా ఆరనివ్వండి. తయారీలో మిగిలిన జిడ్డు ఉంటే దానితో పోతుంది, ఇంకు మొదటి అక్షరం నుంచే సరిగా దిగుతుంది. దసరాకు వచ్చేటప్పుడు ప్రెపీతో రాసిన ఒక పేజీని కూడా తెచ్చి దుకాణంలో చూపించండి, ఆ గీత లావును చూసి మీకు ఏ పాళీ బిగించాలో వాళ్లు అక్కడే చూసి చెప్పగలరు.